పసుపు మరక సబ్బుకు ఎర్రబడితే కంగారు పడకండి: ఇంట్లోనే మరకలు వదిలించడం ఎలా?

పెళ్ళి భోజనాల పంక్తి లేచేసరికి ఒకరి పంచె మీద పప్పు, ఇంకొకరి చీర మీద ముక్కల పులుసు, పిల్లల గౌన్ల మీద ఐస్‌క్రీమ్ ఖాయం. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరకు వెళ్ళి చూడండి. అక్కడున్న సబ్బుముక్క తీసుకుని బరబరా రుద్దేవాళ్ళే అందరూ. తేలిగ్గా పోవాల్సిన మరక మొండికేసేది చాలావరకు అక్కడే.

మరక పడ్డ బట్ట చేతిలోకి తీసుకోగానే మూడు సంగతులు తేల్చుకోండి: పడింది ఏమిటి, గుడ్డ ఏ రకం, పడి ఎంతసేపయింది. నూనెకు పనికొచ్చేది రక్తానికి పనికిరాదు. నూలుకు సరిపోయేది పట్టును తినేస్తుంది. అన్ని మరకలకూ ఒకటే చిట్కా అని ఎవరైనా చెబితే ఓ దండం పెట్టి ఊరుకోండి.

చెయ్యి పెట్టే ముందు

మొదట, గుడ్డ పైన ముద్దగా ఉన్నదాన్ని చెంచా అంచుతోనో, పాత ఏటీఎం కార్డుతోనో మెల్లగా ఎత్తి తీసేయండి. తుడిచారంటే అది నేతలోకి దిగబడుతుంది. తడిగా ఉన్నదాన్ని తెల్లటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. రంగు గుడ్డతో అద్దితే దాని రంగు దీనికి అంటుకుంటుంది, అది ఇంకో తలనొప్పి. అద్దేటప్పుడు మరక అంచు నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి మొదలుపెడితే రూపాయి బిళ్ళంత మరక అరచేయంత అవుతుంది.

నీళ్ళు పోయాల్సి వస్తే బట్టను తిరగేసి, మరక వెనకవైపు నుంచి పోయండి. వచ్చిన దారినే బయటికి పోతుంది.

ఏ మందు వాడినా ముందు లోపలి కుట్టు దగ్గర, బయటికి కనబడని చోట ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. తెల్లగుడ్డతో అద్ది చూస్తే రంగు దిగుతోందో లేదో తెలిసిపోతుంది. కొత్త డ్రెస్సులకైతే ఈ పరీక్ష తప్పనిసరి.

ఇక మరక పూర్తిగా పోయిందని వెలుతురులో చూసి నిర్ధారించుకునేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి వెళ్ళొద్దు. వేడి తగిలిన మరక నేతలో స్థిరపడిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి డ్రయ్యర్ వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. తడి బట్టలో మరక సరిగా కనబడదు, పోయిందనుకుని డ్రయ్యర్లో వేస్తారు, తీసేసరికి అది గట్టిగా పట్టేసుకుని ఉంటుంది.

ఇంట్లో ఉంచుకోవాల్సిన సరుకు పెద్దగా ఏమీ లేదు. గిన్నెలు తోమే లిక్విడ్, వాసన లేని టాల్కం పౌడర్, నిమ్మకాయలు, ఉప్పు, వంటసోడా, తెల్ల వెనిగర్, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక మెత్తటి పాత టూత్‌బ్రష్. పెరాక్సైడ్ సీసా మీద శాతం చూసి కొనండి. 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్ళు కలుపుకుంటే 3 శాతం అవుతుంది. బట్టలకు అది చాలు.

పసుపు

మన ఇళ్ళలో మరకల రాజు ఇదే. వంటలో పసుపు, గడపకు పసుపు, పెళ్ళిలో తలంబ్రాల నిండా పసుపు. పసుపు మరక మీద బట్టల సబ్బు పెట్టగానే అది ఎర్రగా మారుతుంది. చూసినవాళ్ళకు టెన్షన్ పుట్టి ఇంకా గట్టిగా రుద్దుతారు, లేదా బ్లీచింగ్ సీసా ఎత్తుతారు.

నిజానికి అక్కడ జరిగింది మీకు బాగా తెలిసిందే. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఇదీ అంతే. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. సున్నం క్షారమే, బట్టల సబ్బూ క్షారమే. కాబట్టి ఆ ఎరుపు కొత్త మరక కాదు. పైగా కుర్కుమిన్ క్షారంలో నిలవలేదు, విరిగిపోతూ నీళ్ళలోకి వదులుతుంది. ఎర్రబడిందంటే సబ్బు పని మొదలుపెట్టిందన్నమాట. అక్కడ ఆపేయకండి.

నూలు బట్టల మీద పప్పు, సాంబారు, పులిహోర పడితే ఈ వరసలో వెళ్ళండి.

1. ముద్దను ఎత్తి తీసేసి, పొడి గుడ్డతో అద్దండి. ఇంకా నీళ్ళు తగలనివ్వొద్దు. తాలింపు నూనె ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి చూడాలి.

2. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు మరక మీద వేసి, వేలి కొసతో మెల్లగా పట్టించి పావుగంట వదిలేయండి. కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె పట్టు వదిలితే దాని పట్టూ వదులుతుంది.

3. మామూలు నీళ్ళతో వెనకవైపు నుంచి జాడించి, సర్ఫు నీళ్ళలో అరగంట నానబెట్టండి. ఎర్రబడుతుంది, పడనివ్వండి. తర్వాత మామూలుగా ఉతికి బాగా జాడించండి.

4. ఆఖరి జాడింపు నీళ్ళలో అర చెక్క నిమ్మరసం పిండండి. ఎరుపు పోయి, ఇంకా ఎంత పసుపు మిగిలిందో అప్పుడు కనబడుతుంది.

5. తడిబట్టను పిండి, మరక పైకి వచ్చేలా నేరుగా ఎండలో ఆరేయండి.

ఈ ఐదో మెట్టే అసలు మందు. కుర్కుమిన్‌కు వెలుతురు పడదు. మన వేసవి ఎండలో ఒక్క పూటకే సగం మరక వెలిసిపోతుంది, మిగిలింది రెండో రోజుకో మూడో రోజుకో. మధ్యలో ఆరిపోతే మళ్ళీ తడపండి. బయట దండెం కట్టుకోనివ్వని అపార్ట్‌మెంట్లో ఉంటే, ఎండ పడే కిటికీ దగ్గర వేలాడదీసినా నిదానంగా పనిచేస్తుంది. అంతా సాగదీతగా అనిపిస్తే, తెల్ల నూలుబట్ట మీద 3 శాతం పెరాక్సైడ్ అద్ది పావుగంట ఆగి జాడించండి.

రంగు బట్ట అయితే ఎండకు దాని రంగు కూడా పోతుంది. అప్పుడు స్పిరిట్ వాడాలి. కుర్కుమిన్ స్పిరిట్‌లో కరుగుతుంది. మరక కింద మడతపెట్టిన తెల్లగుడ్డ ఉంచి, పైనుంచి స్పిరిట్ తడిపిన దూదితో అద్దుతుంటే పచ్చదనం కింది గుడ్డలోకి దిగుతుంది. కింది గుడ్డను ఎప్పటికప్పుడు జరుపుతుండండి. స్పిరిట్ బట్ట రంగునూ లాగొచ్చు కాబట్టి కుట్టు దగ్గర పరీక్ష మరవొద్దు. పొయ్యి దగ్గర, పూజగదిలో దీపం వెలుగుతుండగా ఈ పని అసలొద్దు.

కుంకుమ సంగతి వేరు. పసుపూ సున్నమూ వేసి చేసిన పాతకాలపు కుంకుమ అయితే నిమ్మరసం చుక్క పడగానే పచ్చగా మారుతుంది, ఆపైన అంతా పసుపు మరక లాగే. నిమ్మరసానికి మారకుండా ఎర్రగానే ఉందంటే అది రసాయనపు రంగు. అది పొడిగా ఉన్నప్పుడే దులిపేయాలి. నీళ్ళు తగిలిందంటే పని పెరుగుతుంది. హోలీ రంగులకూ ఇదే మాట. పిల్లాడు రంగుల్లో మునిగి ఇంటికి రాగానే బకెట్లో ముంచకండి, చొక్కా విప్పి బయట గట్టిగా దులపండి.

ఆవకాయ, వేపుళ్ళ నూనె

ఆవకాయ మరకలో రెండు పొరలు ఉంటాయి. ఒకటి నువ్వుల నూనె, రెండోది ఆ నూనెలో కరిగిన కారం ఎరుపు. ముందు నూనె, తర్వాత ఎరుపు. ఈ వరస తప్పితే రెండూ మిగులుతాయి.

టాల్కం పౌడర్ దట్టంగా చల్లి కనీసం గంటసేపు వదిలేయండి. పొడి నూనెను పీల్చి ముద్దగా అవుతుంది. దులిపేసి మళ్ళీ చల్లండి. శనగపిండి మాత్రం వాడొద్దు, దాని పచ్చదనం బట్టకు అంటుతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌ను నీళ్ళు కలపకుండా పట్టించి పావుగంట ఆగి, గోరువెచ్చటి నీళ్ళతో ఉతకండి. వేడి కాస్త పనికొచ్చే మరకల్లో నూనె ఒకటి. కానీ పసుపు కూడా కలిసి ఉంటే మామూలు నీళ్ళే మంచిది.

ఎరుపు మిగిలితే ఎండ. మిరపపండు రంగు కూడా పసుపు లాగే ఎండకు వెలుస్తుంది. ఇక్కడ పాలిస్టర్‌తో ఒక చిక్కుంది. ఆ పోగుకు నూనె అంటే మహా ఇష్టం, పట్టుకుంటే వదలదు. పాలిస్టర్ చొక్కా మీద నూనె పడితే ఆ రోజే చూసుకోండి, మూట కట్టి ఆదివారానికి దాచొద్దు.

బైకు చైను గ్రీజు ప్యాంటు అంచుకు అంటితే దాని మీద కొబ్బరినూనె రాయండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ గ్రీజు నూనెలోనే కరుగుతుంది. పది నిమిషాలాగి ఆ నల్లటి నూనెను గుడ్డతో తుడిచేసి, మిగిలినదాన్ని గిన్నెల లిక్విడ్‌తో వదిలించండి. రోడ్డు తారుకూ ఇదే మందు.

టీ, నేరేడు, అరటి జిగురు

టీలో, కాఫీలో, దానిమ్మ తొక్కలో, తాంబూలం కాచులో వగరు ఉంటుంది. ఆ వగరు పదార్థమే బట్టకు పట్టేది. వీటి మీద బిళ్ళ సబ్బు నేరుగా రుద్దితే మరక ముదురుతుంది. ముందు చల్లటి నీళ్ళతో బాగా జాడించి, ఒక చెంచా తెల్ల వెనిగర్, ఒక చెంచా సర్ఫు లిక్విడ్ గ్లాసుడు నీళ్ళలో కలిపి అద్దండి. పాల టీ అయితే పాలు కూడా ఉంటాయి కాబట్టి వేడినీళ్ళకు తొందరపడొద్దు.

నేరేడుపళ్ళ మరక సబ్బుకు నీలంగా తిరుగుతుంది, నిమ్మరసానికి ఎర్రగా తిరుగుతుంది. పసుపు లాగే ఇదీ రంగులు మార్చే రకం. తెల్ల నూలుబట్ట మీద తాజా నేరేడు మరక అయితే గుడ్డను గిన్నె మీద బిగుతుగా కట్టి, కాస్త ఎత్తు నుంచి మరిగే నీళ్ళు ధారగా పోసే పాత పద్ధతి ఉంది. పాలు, నూనె కలవని పళ్ళ మరకలకు అది బాగానే పనిచేస్తుంది. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి.

అరటికాయ జిగురు అన్నిటికన్నా మొండిది. కాయ కోసినప్పుడు నీళ్ళలా కారుతుంది, ఏముందిలే అనుకుంటాం. గాలి తగిలేకొద్దీ గోధుమరంగు, ఆపైన నలుపు. పడ్డ నిమిషాల్లో సర్ఫు నీళ్ళతో కడిగితేనే పూర్తిగా పోయే ఆశ. నల్లబడ్డాక తెల్ల నూలు మీద ఆక్సిజన్ బ్లీచ్ పొడి (క్లోరిన్ లేనిది, నీళ్ళలో కలిపితే పెరాక్సైడ్ వదిలే రకం) గోరువెచ్చటి నీళ్ళలో కలిపి కొన్ని గంటలు నానబెడితే మసకబారుతుంది. రంగు బట్ట మీద దాదాపు ఉండిపోతుంది. అరటిగెల కోసేరోజు పాత చొక్కా వేసుకోవడమే చవకైన మందు.

వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. టీ మరక ఉన్న బట్టను తుప్పు పట్టిన కొక్కేనికి తగిలిస్తేనో, ఇనుము ఎక్కువున్న బోరునీళ్ళలో నానబెడితేనో బూడిదరంగు మచ్చలు వచ్చేది ఇందుకే. ఇదే గుణాన్ని శ్రీకాళహస్తి, పెడన కలంకారీవాళ్ళు పనిగా మలుచుకున్నారు. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ వేసి పులియబెట్టిన కసిం నీళ్ళతో గీస్తేనో అచ్చు వేస్తేనో ఆ నల్లటి గీత వస్తుంది. కాబట్టి సహజరంగుల కలంకారీ చీర మీద టీ పడిందని నిమ్మరసమో వెనిగరో పోశారంటే, పులుపు ఆ ఇనుమును లాగేసి మరకతోపాటు నెమలి కన్నునూ చెరిపేస్తుంది. దానికి చల్లటి నీళ్ళు, పలచటి కుంకుడు రసం, నీడలో ఆరేయడం. అంతకుమించి ఏమీ చేయొద్దు.

రక్తం, గుడ్డు, పాలు

ఇవన్నీ మాంసకృత్తుల మరకలు. వేడి తగిలితే ఉడికిన గుడ్డులా గట్టిపడి పోగుల్లో ఇరుక్కుంటాయి. కాబట్టి చల్లటి నీళ్ళే.

తాజా రక్తమైతే కుళాయి ధార కింద వెనకవైపు నుంచి పట్టుకుంటే సగం పైన అక్కడే పోతుంది. ఎండిపోయినదైతే చల్లటి ఉప్పునీళ్ళలో అరగంట నుంచి గంట దాకా నానబెట్టి, తర్వాత సబ్బు పట్టించండి. నెలసరి సమయంలో లోదుస్తులకు, దుప్పట్లకు ఇదే పద్ధతి. తెల్లవాటి మీద మిగిలిన ఛాయకు పెరాక్సైడ్ వేయండి. వేయగానే బుసబుసా పొంగుతుంది. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని విడగొట్టడం వల్ల వచ్చే నురగ అది. పొంగు ఆగాక అద్ది, మళ్ళీ వేయండి. రంగు దుప్పటి అయితే ముందు అంచున పరీక్షించాలి.

ఎంజైమ్‌లు ఉన్న సర్ఫు పొడులు ఇలాంటి మరకలను బాగా తింటాయి. గోరువెచ్చటి నీళ్ళలో ఎక్కువసేపు నానబెడితే వాటికి పని చేసే వీలు దొరుకుతుంది, మరిగే నీళ్ళు పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. అయితే పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే. ఆ పొడికి మరకా పట్టుపోగూ ఒకటే.

సిరా, తుప్పు, మట్టి

బాల్ పెన్ను సిరా నీళ్ళకు లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది. స్పిరిట్ లేకపోతే రంగు లేని హ్యాండ్ శానిటైజర్ చాలు. పసుపుకు చెప్పినట్టే కింద గుడ్డ పెట్టి పైనుంచి అద్దడం, కింది గుడ్డ జరపడం. స్కూలు చొక్కా జేబు అయితే లోపల మడత గుడ్డ దోపి మరీ చేయండి, లేదంటే సిరా రెండో పొరకూ దిగుతుంది. జెల్ పెన్నులు కొన్ని అంత తేలిగ్గా వదలవు.

తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు. మరక మీద ఉప్పు పోసి, తడిసేలా నిమ్మచెక్క పిండి, ఎండలో కొన్ని గంటలు ఉంచండి. ఆరినప్పుడల్లా మళ్ళీ పిండండి. తర్వాత బాగా జాడించండి. తుప్పు మీద బ్లీచింగ్ మాత్రం పోయొద్దు, అది ఇనుమును ఇంకా తుప్పు పట్టించి మరకను ముదురు చేస్తుంది.

బురద పడితే తొందరేం లేదు. ఎండనిచ్చి, పెళుసుబారాక బ్రష్‌తో దులిపి, అప్పుడు ఉతకండి. తడి మీద రుద్దితే నల్లరేగడి పోగుల్లోకి పాకుతుంది. ఎర్రమట్టి ఛాయ తెల్లబట్ట మీద మిగిలితే దానికి తుప్పు వైద్యమే, ఆ ఎరుపు కూడా ఇనుముదే.

కొవ్వొత్తి మైనం పడితే ఐసు ముక్క పెట్టి గట్టిపరిచి గీకేయండి. మిగిలినదానికి కిందా పైనా టిష్యూ కాగితం పెట్టి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే కాగితం పీల్చుకుంటుంది. బబుల్‌గమ్ అయితే బట్టను ఫ్రీజర్లో పెట్టి, బిగుసుకున్నాక ఊడదీయండి. గోళ్ళరంగుకు దాన్ని తుడిచే రిమూవరే చాలు, కానీ మెరిసే అసిటేట్ గుడ్డల మీద వేస్తే గుడ్డే కరుగుతుంది.

చంకల పసుపుదనం, కాలరు, వానాకాలం బూజు

తెల్లచొక్కా చంకల దగ్గర వచ్చే పసుపు మచ్చ ఒక్క చెమట వల్ల వచ్చేది కాదు. చెమట రాకుండా రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలు చెమటతో, ఒంటి జిడ్డుతో కలిసి ఏర్పడే మరక అది. బ్లీచింగ్ వేస్తే ఇంకా పచ్చబడుతుంది. రెండు చెంచాల వంటసోడా, రెండు చెంచాల 3 శాతం పెరాక్సైడ్ ముద్దగా కలిపి పట్టించి అరగంట ఆగి, మెత్తటి బ్రష్‌తో తోమి ఉతకండి. ముదిరిన మచ్చ ఒక్కసారికి పోదు, వారం వారం చేస్తుంటే తగ్గుతుంది. రాసుకున్నది ఆరాకే చొక్కా తొడుక్కుంటే మచ్చలు నెమ్మదిగా వస్తాయి.

కాలరు జిడ్డుకు తలకు రాసుకునే షాంపూ కొద్దిగా పట్టించి పావుగంట ఉంచండి. అది తీయాల్సింది కూడా ఒంటి జిడ్డే కదా.

వానాకాలంలో సరిగా ఆరని బట్టల మీద వచ్చే నల్లటి చుక్కలు బూజు. ముందు ఆరుబయట దులపండి, ఇంట్లో దులిపితే బీరువాలో మిగతావాటికీ పాకుతుంది. తర్వాత నీళ్ళూ వెనిగరూ సమానంగా కలిపి అద్ది గంట ఉంచి, ఉతికి గట్టి ఎండలో వేయండి. తెల్ల నూలు అయితే ఆక్సిజన్ బ్లీచ్‌లో నానబెట్టవచ్చు. చుక్కలు వచ్చి నెలలైతే వాసన పోతుంది కానీ చుక్కలు పూర్తిగా పోవు.

పట్టుచీరలు

పట్టు మీద ఏం పడ్డా మొదటి సూత్రం: తడి గుడ్డతో రుద్దొద్దు. పట్టు తడిసినప్పుడు బలహీనపడుతుంది, రుద్దిన చోట పోగు లేచి తెల్లటి మసక పడుతుంది. మరక పోయినా ఆ మసక పోదు.

నూనె చుక్క పడితే చీరను బల్ల మీద పరిచి, కిందా పైనా టాల్కం పౌడర్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మెత్తటి బ్రష్‌తో దులిపి, కావాలంటే మళ్ళీ. తాజా నూనె చుక్కలు చాలావరకు దీంతోనే పోతాయి, నీళ్ళ అవసరమే రాదు.

నీళ్ళలో కరిగే మరకలకు కుంకుడుకాయలు. ఎనిమిది పది కాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చటి నీళ్ళలో గంటో రెండు గంటలో నానబెట్టి పిసికి, పలచటి గుడ్డతో రెండుసార్లు వడకట్టండి. ఆ రసాన్ని చల్లటి నీళ్ళలో కలిపి చీరను మెల్లగా ముంచి లేపండి. లేతరంగు పట్టుకు రసం మరీ పలచగా ఉండాలి, చిక్కగా ఉంటే దాని గోధుమరంగు కాస్త అంటుతుంది. పిండొద్దు. తువ్వాలులో చుట్టి నీళ్ళు లాగించి, నీడలో ఆరేయండి. పసుపుకు పనికొచ్చే ఎండ పట్టుకు శత్రువు.

జరీకి నిమ్మరసం, ఉప్పు, వెనిగర్ తగలనివ్వొద్దు. జరీలో ఉండే వెండి, రాగి వన్నె తగ్గుతాయి. ఇక్కడ గద్వాల చీర కట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మరక నూలు భాగం మీదే పడింది కదా అని సర్ఫు నీళ్ళలో నానబెడితే, నీళ్ళు అంచుదాకా పాకుతాయి. ఒకే చీరలో రెండు రకాల పోగులున్నప్పుడు సున్నితమైన పోగుకు ఏది సరిపోతుందో అదే చీరంతటికీ వాడాలి. జరీ అంచున్న మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలకూ అంతే.

ఆషాఢంలో గోరింటాకు ముద్ద పట్టు మీద పడితే మాత్రం చెప్పేదేమీ లేదు. గోరింటాకు రంగు మాంసకృత్తులకు అతుక్కునే రకం. అందుకే అరచేతి మీద అంత ఎర్రగా పండుతుంది. పట్టు మీద కూడా అలాగే పండుతుంది.

బ్లీచింగ్ వాడేవాళ్ళకు

మామూలు బ్లీచింగ్ ద్రావణం తెల్ల నూలుకు మాత్రమే. పట్టు, ఉన్నిని అది పసుపుగా మార్చి కొరికేస్తుంది, సాగే జీన్స్, లెగ్గింగ్స్‌లోని ఎలాస్టిక్ పోగును చంపేస్తుంది. బట్ట మీద నేరుగా పోయొద్దు. అర బకెట్ నీళ్ళు పట్టి, అందులో రెండు మూడు చెంచాలు కలిపి, అప్పుడు బట్ట ముంచండి. పది నిమిషాలు దాటనివ్వొద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. బ్లీచింగ్‌ను వెనిగర్‌తోగానీ, నిమ్మరసంతోగానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తలుపు వేసిన చిన్న బాత్‌రూమ్‌లో బట్టలు నానబెడుతూ, పక్కనే యాసిడ్ పోసి నేల కడగడం మన ఇళ్ళలో మామూలే. ఈ రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపొద్దు. ఒక మందు వాడి ఫలితం లేక ఇంకోటి వాడాలనుకుంటే, మధ్యలో బట్టను నీళ్ళలో రెండు మూడుసార్లు శుభ్రంగా జాడించండి.

ఒకదాని రంగు ఇంకోదానికి దిగితే

ఎర్ర లంగా రంగు తెల్లచొక్కాకు అంటుకుందని మెషిన్ తెరవగానే తెలిస్తే, ఆరేయకండి. తడిగా ఉండగానే విడదీసి, అంటుకున్నదాన్ని మళ్ళీ సర్ఫు నీళ్ళలో నానబెట్టి ఉతకండి. తడిలో ఉన్నంతసేపు ఆ రంగు బలంగా పట్టదు. ఆరాక తెల్ల నూలు అయితే ఆక్సిజన్ బ్లీచ్ ఒక్కటే దారి.

కొత్తబట్టను ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదని చాలామంది చెబుతారు. అద్దకం వేసే తొట్టిలో ఉప్పుకు పని ఉంది కానీ, అద్దకం అయిపోయి కొట్టుకొచ్చిన బట్ట మీద దానికి ఆ శక్తి లేదు. మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా వేయడమే సరైన పని. నీలిమందు నీళ్ళలో సరిగా కలవక చొక్కా మీద నీలి చుక్కలు పడితే, పైన చెప్పిన పలచటి బ్లీచింగ్ నీళ్ళు తెల్ల నూలుకు పనిచేస్తాయి.

చేతులెత్తేయాల్సినవి

మామిడి సొన పాతబడితే, పట్టు మీద గోరింటాకు పండితే, ఓటు సిరా అంటితే వదిలేయండి. ఓటు సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది, పోకూడదనే దాన్ని తయారుచేసింది. నల్లజీడి రసం కూడా అలాంటిదే. ఎవరి బట్టలు ఎవరివో గుర్తుపట్టడానికి చాకళ్ళు మూలన నల్లజీడితో గుర్తు వేసేది, ఎన్ని ఉతుకులకూ అది చెదరదనే.

ఖరీదైన చీరను డ్రై క్లీనింగ్‌కు ఇస్తుంటే మరక దగ్గర చిన్న కాగితం పిన్ను చేసి, పడింది ఏమిటో, ఎప్పుడు పడిందో, మీరు ఇంట్లో ఏమేం పూశారో రాయండి. స్పిరిట్ వేసి ఉంటే స్పిరిట్ అని, నిమ్మరసం అయితే అదే రాయండి. వాళ్ళు వేసే మందు దాన్ని బట్టే మారుతుంది. పిన్ను గుచ్చేది జరీ మీదో పట్టు మీదో కాకుండా ఫాల్ మీద. చీరను రోలింగ్‌కు ఇవ్వాలనుకుంటే మరక తీయించాకే ఇవ్వండి. రోలింగ్‌లో గంజీ వేడీ రెండూ తగులుతాయి. ఆ తర్వాత డ్రై క్లీనింగ్‌వాళ్ళు కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు.